వేవిళ్ళ నుంచి నెలలు నిండేదాకా: గర్భిణి ఇబ్బందులు తగ్గించడానికి భర్త తన చేతుల్లోకి తీసుకోవాల్సిన పనులు

"మా ఆవిడకి మూడో నెల. మంచినీళ్ళు తాగినా కక్కేస్తోంది. నేనేం చేయాలి?" అని అడిగేవాళ్ళు చాలామంది. ఆ తర్వాత నెలల్లో ప్రశ్నలు మారతాయి: నడుం నొప్పికి ఏ మాత్ర వేయాలి, కాళ్ళు వాస్తే భయపడాలా, రాత్రంతా నిద్ర లేకపోతే ఎలా? వీటికి వరుసగా, ఈ రోజే ఇంట్లో మొదలుపెట్టగలిగేలా జవాబులు రాస్తున్నాను.

ఇది ముఖ్యంగా భర్తల కోసం. అమ్మానాన్నలతో కలిసి ఉన్నా, వేరు కాపురమైనా, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నా పద్ధతి ఒకటే. "ఏదైనా కావాలంటే చెప్పు" అని ఊరుకుంటే ఏం కావాలో ఆలోచించడం, గుర్తుపెట్టుకోవడం, అడగడం అన్నీ మళ్ళీ ఆమె పనులే అవుతాయి. అందుకే కొన్ని పనులు అడగకముందే, మొత్తంగా మీరే తీసుకోవాలి. ఏవో కింద చెబుతున్నాను.

ముందుగా ఒక మాట. 9వ భాగంలో ఆసుపత్రికి వెంటనే వెళ్ళాల్సిన లక్షణాలున్నాయి. అది మొదట చదివి, తర్వాత మిగతావి చదవండి.

## 1. మొదటి వారంలోనే అయిపోవాల్సిన పనులు

వేవిళ్ళు ముదిరాక ఇద్దరికీ ఓపిక ఉండదు. గర్భం అని తెలిసిన వారంలోనే వీటిని పూర్తి చేయండి.

పల్లెలో ఆశా కార్యకర్త లేదా ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) దగ్గర, పట్నంలో దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించండి. కాన్పు ప్రైవేటు ఆసుపత్రిలోనే అనుకున్నా ఈ పని మానొద్దు. అక్కడిచ్చే ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల రక్షణ కార్డు) ప్రతి పరీక్ష వివరం ఎక్కుతుంది, అర్ధరాత్రి కొత్త ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే ఆ కార్డే మాట్లాడుతుంది. నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టర్ ఉచితంగా చూస్తారు.

సరిచూసుకోవాల్సిన జాబితా:

- రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టిన ఒకే ఫైలు. ప్రతి కాగితం ఫోటో మీ ఫోన్లోనూ, ఆమె ఫోన్లోనూ.
- ఆమె బ్లడ్ గ్రూప్. నెగెటివ్ అయితే మీ గ్రూప్ కూడా చూపించుకోవాలి. మీది పాజిటివ్ అయితే 28వ వారం దగ్గర యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తానికి ఎదురుగా తల్లి ఒళ్ళు పనిచేయకుండా ఆపేది) గురించి డాక్టర్‌ని అడగండి. బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయ్యాక 72 గంటల్లోపు మరోసారి ఇస్తారు.
- ఆమె తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు) క్యారియర్ అని తేలితే వెంటనే మీరూ పరీక్ష చేయించుకోవాలి. వారాలు గడిచాక చేయించుకుంటే ఆలస్యమైపోతుంది.
- థైరాయిడ్, బీపీ, షుగర్, ఫిట్స్ లాంటి వాటికి ఆమె వాడుతున్న మందులు. సొంతంగా ఆపకండి, కొనసాగించాలో మార్చాలో అదే వారంలో డాక్టర్‌ని అడగండి.
- మీకు సిగరెట్ అలవాటుంటే బాల్కనీలోకి వెళ్ళి తాగడం సరిపోదు. ఆ పొగ బట్టల మీద ఇంట్లోకే వస్తుంది. మానేయడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు.

ఆఫీసు సెలవుల విషయం కూడా ఇప్పుడే చూసుకోండి. 11 నుంచి 14 వారాల మధ్య ఒక స్కాన్, 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్, 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ పరీక్ష ఉంటాయి. ఆ మూడు రోజులూ మీరు పక్కన ఉండేలా చూసుకోండి. ఓపీలో గంటల తరబడి కూర్చోవాల్సి వస్తుంది కాబట్టి నీళ్ళ సీసా, తినడానికి ఏదైనా, నడుం వెనక పెట్టుకునే చిన్న దిండు వెంట తీసుకెళ్ళండి.

## 2. వేవిళ్ళు: ఉదయం లేచిన దగ్గర్నుంచి

సాధారణంగా ఆరో వారం దగ్గర మొదలై, ఎక్కువ మందికి 16 నుంచి 20 వారాల మధ్య తగ్గిపోతాయి. కొందరికి ఉదయమే, కొందరికి రోజంతా. వీటిని పెంచేవి ముఖ్యంగా రెండు: ఖాళీ కడుపు, వాసనలు. మీరు చేసే పనులన్నీ ఈ రెండింటి చుట్టూనే ఉండాలి.

మంచం దిగకముందే. రాత్రి పడుకునే ముందు ఆమె తలాపున ఒక డబ్బా పెట్టండి. అందులో రస్కులు, మరమరాలు, వేయించిన అటుకులు లాంటి పొడివి ఉండాలి. కళ్ళు తెరవగానే, ఇంకా పడుకుని ఉండగానే, రెండు ముద్దలు తిని, పావుగంట అలాగే ఉండి, అప్పుడు మెల్లగా లేవాలి. ఖాళీ కడుపున కాఫీ వద్దు. డబ్బా ఖాళీ అయిందా లేదా చూసి నింపే బాధ్యత మీది.

వంటింటి వాసనలు. పోపు వాసన, ఉల్లిపాయ వేగే వాసన, చేపల పులుసు, ఆఖరికి అన్నం ఉడికే ఆవిరి కూడా పడకపోవచ్చు. నిన్నటిదాకా ఇష్టపడిన కూర ఈ రోజు వాంతి తెప్పిస్తుంది, దాన్ని వంక అనుకోకండి. ఈ రెండు మూడు నెలలు వంట మీరు చేయండి, లేదా చేయించండి. కిటికీలు తెరిచి, ఆమె వేరే గదిలో ఉన్నప్పుడు పోపు పెట్టండి. వేడి పదార్థాల కంటే చల్లారినవి తక్కువ వాసన వస్తాయి కాబట్టి చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం చాలామందికి ఇముడుతాయి. చెత్తబుట్ట ప్రతి రాత్రీ ఖాళీ చేయండి. మీ సెంటు, తలనూనె వాసన పడటం లేదేమో అడిగి తెలుసుకోండి.

రెండు గంటలకొకసారి కొంచెం. మూడు పూటల భోజనం లెక్క వదిలేయండి. నాలుగు ముద్దలు తిన్నా చాలు, మళ్ళీ రెండు గంటలకి ఇంకో నాలుగు. నీళ్ళు భోజనంతో పాటు కాకుండా మధ్యలో, గుక్క గుక్కగా తాగాలి. మంచినీళ్ళే పడకపోతే పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఉప్పూ పంచదార వేసిన నిమ్మరసం, ఓఆర్ఎస్ ఇచ్చి చూడండి.

అల్లం, పులుపు. అల్లం వేసి మరిగించిన నీళ్ళు, నోట్లో చిన్న అల్లం ముక్క కొందరికి బాగా పనిచేస్తాయి. నిమ్మకాయ వాసన చూసినా కొంత తెరిపి ఉంటుంది. ఉసిరి, చింతకాయ తినాలనిపిస్తే తిననివ్వండి.

పళ్ళు తోముకోవడం. బ్రష్ నోట్లో పెట్టగానే వికారం వచ్చేవాళ్ళు చిన్న పిల్లల బ్రష్ వాడి, వేరే రుచి పేస్టు మార్చి చూడొచ్చు. వాంతి అయిన వెంటనే తోమకూడదు, కడుపులోంచి వచ్చిన ఆమ్లంతో పంటి పైపొర అరుగుతుంది. ముందు నీళ్ళతో పుక్కిలించి, అరగంట తర్వాత తోముకోవాలి.

మందు అడగండి. ఇంత చేసినా తగ్గకపోతే ఓర్చుకుంటూ కూర్చోవడం తప్పు. విటమిన్ బి6, డాక్సిలమిన్ కలిసిన మాత్రలు గర్భిణులకి డాక్టర్లు చాలా కాలంగా రాస్తున్నారు. షాపులో మీరే కొనకుండా డాక్టర్ చేత రాయించుకోండి. "కడుపుతో ఉన్నప్పుడు ఏ మందూ వేసుకోకూడదు" అని ఎవరో అన్నారని ఎండిపోయిన నోటితో రోజులు గడిపేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పులు:

- "నువ్వు తినకపోతే బిడ్డకెలా?" అని బలవంతపెట్టడం. మొదటి మూడు నెలల్లో బిడ్డ అవసరం చాలా తక్కువ. ఈ వారాల్లో ఏది ఇముడితే అదే మంచి ఆహారం. ఫోలిక్ యాసిడ్ మాత్ర, తగినన్ని నీళ్ళు తప్పకపోతే చాలు.
- పూటపూటకీ "ఏం చేయమంటావు?" అని అడగడం. తిండి గురించి ఆలోచించినా వికారం వస్తుంది. ఇముడుతున్న నాలుగైదు పదార్థాలు కాగితం మీద రాసుకుని, వాటిలోంచి మీరే తీసుకొచ్చి ముందు పెట్టండి. వద్దంటే మౌనంగా తీసేయండి.

రోజంతా ఏదీ ఇమడకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, వచ్చినా ముదురు రంగులో కొంచెమే వచ్చినా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నా, బరువు తగ్గిపోతున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. సెలైన్ పెడితే ఒక్క రోజులోనే తేరుకుంటారు చాలామంది.

## 3. మాత్రల వేళలు మీరే చూడాలి

మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్. నాలుగో నెల నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర రోజుకొకటి, కనీసం 180 రోజులు. కాల్షియం 500 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. ప్రభుత్వ కార్యక్రమంలో ఇచ్చే మోతాదులివి. మీ డాక్టర్ వేరేలా రాస్తే అదే పాటించండి.

చిక్కంతా ఐరన్, కాల్షియం కలిపి మింగడం దగ్గర వస్తుంది. కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఇలా విడదీయండి:

- ఉదయం టిఫిన్‌తో: కాల్షియం
- మధ్యాహ్నం భోజనంతో: రెండో కాల్షియం
- రాత్రి భోజనమైన రెండు గంటలకి: ఐరన్, కుదిరితే నిమ్మరసం కలిపిన నీళ్ళతో

ఐరన్‌కి ముందూ వెనకా గంట పాటు టీ, కాఫీ, పాలు వద్దు. థైరాయిడ్ మాత్ర ఉంటే అది పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి, దానికీ ఐరన్, కాల్షియం మాత్రలకీ కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. అప్పుడు టిఫిన్‌తో వేసుకునే కాల్షియాన్ని మధ్యాహ్నానికి, రెండోదాన్ని సాయంత్రం తినేదానితో పాటుకి జరపండి.

ఐరన్‌తో మలం నల్లగా వస్తుంది, కంగారు పడక్కర్లేదు. వికారం వస్తోందని చాలామంది చెప్పకుండా మానేస్తారు. రాత్రి పడుకోబోయే ముందుకి మార్చితే చాలావరకు సర్దుకుంటుంది, లేకపోతే వేరే రకం ఐరన్ రాయమని అడగండి. ప్రతి చెకప్‌లో హిమోగ్లోబిన్ ఎంతో అడిగి రాసుకోండి. 11 కంటే తక్కువైతే రక్తహీనత ఉన్నట్టే. తోటకూర, మునగాకు తింటే సరిపోతుందని ఆగకూడదు. ఆకుకూరలు తినాలి, మాత్రలూ వేసుకోవాలి.

మట్టి, సుద్ద, పచ్చి బియ్యం తినాలనిపిస్తోందని ఆమె చెబితే ఎగతాళి చేయకండి. అది ఐరన్ తక్కువైందనడానికి గుర్తు కావచ్చు. డాక్టర్‌తో చెప్పాల్సిన విషయం.

## 4. గుండెల్లో మంట, మలబద్ధకం

గర్భంలో హార్మోన్ల వల్ల కడుపు పైభాగంలో ఉండే కవాటం వదులవుతుంది, పేగుల కదలిక నెమ్మదిస్తుంది. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి కడుపుని పైకి నెడుతుంది. ఈ రెండు బాధలకీ మూలం అదే.

మంట తగ్గాలంటే రాత్రి భోజనం ఏడున్నరకే అయిపోవాలి. ఇది ఇంట్లో అందరి అలవాటూ మారితేనే కుదురుతుంది. మీరు తొమ్మిదికి వచ్చి, ఆమె మీ కోసం ఎదురుచూసి తిని పదింటికి పడుకుంటే ఏ సిరప్పూ పనిచేయదు. మీరు ఆలస్యమైన రోజు ఆమె ముందే తినేయాలని ఇంట్లో అందరి ముందూ చెప్పేయండి. తల, భుజాల కింద రెండు దిండ్లు ఎత్తుగా పెట్టండి. ఆవకాయ, బజ్జీలు, మసాలాలు రాత్రి పూట తగ్గించండి. నీళ్ళలో కలిపి తాగే సోడా పొడులు రోజూ వాడకూడదు, వాటిలో సోడియం ఎక్కువ. గర్భిణులకి సరిపడే యాంటాసిడ్ రాయించుకుని, ఐరన్ మాత్రకి రెండు గంటలు ఎడంగా ఇవ్వండి.

మలబద్ధకానికి నీళ్ళు, పీచు, నడక. జామపండు, పొట్టుతో ఉన్న పెసలు, జొన్న రొట్టె, ఆకుకూరలు రోజూ ఏదో ఒకటి ఉండాలి. సాయంత్రం అరగంట ఇద్దరూ కలిసి నడవండి. చాలకపోతే ఇసబ్‌గోల్ గురించి డాక్టర్‌ని అడగండి. పెద్దవాళ్ళు చెప్పినా ఆముదం మాత్రం పట్టించొద్దు, అది నొప్పులు రప్పించగలదు.

## 5. నడుం, పిక్కలు, కాళ్ళ వాపు

బరువు ముందుకి జరుగుతుంది, హార్మోన్లు కీళ్ళ కట్లని వదులు చేస్తాయి. అందుకే నడుం లాగుతుంది. మంచం మీంచి నేరుగా లేవకూడదు. పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడిచి, కాళ్ళు కిందకి జార్చి, చేత్తో ఆనుకుని లేవాలి. చెప్పినంత తేలిగ్గా అలవాటు కాదు, మొదటి వారం పక్కన ఉండి గుర్తుచేయండి.

పూర్తిగా మీకు మారాల్సిన పనులు:

- నీళ్ళ బిందెలు, గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా, తడిబట్టల బకెట్
- బాత్రూం కడగడం, అటక మీది సామాన్లు దించడం
- పెద్ద పిల్లల్ని ఎత్తుకోవడం, స్నానం చేయించడం

నడుం మర్దన చేయాలంటే ఆమెని కుర్చీలో వెనక్కి తిరిగి, కుర్చీ వీపు మీదకి ఆనుకుని కూర్చోమనండి. గోరువెచ్చని కొబ్బరినూనెతో అరచేత్తో నెమ్మదిగా, వెన్నెముకకి రెండు పక్కలా రుద్దండి. పొట్ట మీద ఎవరూ నొక్కకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు, ముఖ్యంగా 20 వారాలు దాటాక అవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించవచ్చు. పారాసెటమాల్ కూడా డాక్టర్ చెప్పిన మోతాదులోనే.

అర్ధరాత్రి పిక్క పట్టేస్తే: మోకాలు చాపి, పాదం పట్టుకుని వేళ్ళని ఆమె ముఖం వైపుకి మెల్లగా వంచండి. అర నిమిషం అలాగే ఉంచండి. నొప్పి వదిలాక నాలుగడుగులు నడిపించండి. నిద్ర మధ్యలో తన కాలు తను అందుకోవడం ఆమెకి కష్టం, ఇది మీరు లేచి చేయాల్సిన పనే.

వాపు: సాయంత్రానికి చీలమండల దగ్గర నీరు పట్టడం మామూలే. కాళ్ళు దిండు మీద ఎత్తి పెట్టాలి, వేలాడేసి కూర్చోకూడదు. వాపు వచ్చిందని నీళ్ళు తగ్గించడం పొరపాటు. ఉంగరాలు, మెట్టెలు బిగుసుకోకముందే తీసి దాచండి. ఆనవాయితీ అని ఎవరైనా అడ్డుపడితే, వేలు ఉబ్బాక కోసి తీయాల్సి వస్తుందని చెప్పండి. ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బితే మాత్రం బీపీ చూపించాలి. ఒకే కాలు వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఆ కాలిని రుద్దకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

## 6. రాత్రి నిద్ర

నీళ్ళు పగలు ఎక్కువ తాగి, రాత్రి ఏడు తర్వాత తగ్గిస్తే బాత్రూంకి లేవడం కొంత తగ్గుతుంది. అయినా లేవక తప్పదు. దారిలో చిన్న బల్బు, బాత్రూంలో జారని చాప, మంచం పక్కన మంచినీళ్ళు పెట్టండి.

మూడు దిండ్లు కావాలి: మోకాళ్ళ మధ్య ఒకటి, పొట్ట కింద పల్చటిది ఒకటి, వీపు వెనక ఒకటి. 28 వారాలు దాటాక పక్కకి తిరిగే పడుకోవాలి. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడుతుంది. ఎడమవైపే అని నియమం పెట్టి ఆమెని భయపెట్టకండి, కుడివైపు కూడా ఫర్వాలేదు. మెలకువ వచ్చేసరికి వెల్లకిలా ఉంటే టెన్షన్ పడకుండా పక్కకి తిరిగితే చాలు.

రాత్రి నిద్ర చెడిన రోజు మధ్యాహ్నం గంట పడుకోనివ్వండి. ఆ గంటలో చుట్టాల ఫోన్లు, కాలింగ్ బెల్, పెద్ద పిల్లల గోల మీరు చూసుకోవాలి. మీరు ఇంట్లో లేకపోతే ఎవరు చూసుకోవాలో చెప్పి వెళ్ళండి.

## 7. మొహమాటంతో చెప్పనివి

వాసన లేని, పల్చని తెల్లబట్ట గర్భంలో మామూలే. దురద, దుర్వాసన, పచ్చ రంగు ఉంటే చూపించాలి. మూత్రంలో మంట ఉంటే బార్లీ నీళ్ళతో సరిపెట్టకండి, ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా వెళ్ళొచ్చు, నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. మూత్ర పరీక్ష చేయించాలి. మొలలుంటే అదీ చెప్పాలి.

పొట్ట చర్మం సాగుతూ దురద పెట్టడం వేరు. దద్దుర్లు లేకుండా అరచేతుల్లో, అరికాళ్ళలో, ముఖ్యంగా రాత్రిళ్ళు విపరీతంగా దురద వస్తే అది కాలేయానికి సంబంధించినది కావచ్చు, బిడ్డకి ప్రమాదం. మర్నాడే రక్త పరీక్ష అడగండి.

దాంపత్యం గురించి చాలామంది అడగలేక ఊరుకుంటారు. రక్తస్రావం, మాయ కిందకి ఉండటం, ఉమ్మనీరు కారడం, ముందే నొప్పులు వచ్చే ప్రమాదం లాంటివి లేకపోతే, డాక్టర్ వద్దనకపోతే, కలయిక వల్ల బిడ్డకి హాని లేదు. ఆమెకి ఇష్టం లేకపోతే ఆ మాట అక్కడితో ఆగిపోవాలి.

## 8. ఇంట్లో వాళ్ళ మాటలకి జవాబు చెప్పాల్సింది మీరే

ఒళ్ళు బాగోలేనప్పుడు పదిమంది సలహాలు అదనపు బరువు. మీ అమ్మగారికి, మీ అక్కకి కోడలు జవాబు చెబితే ఎదురు చెప్పినట్టవుతుంది. మీరు చెబితే మామూలు మాటగా పోతుంది. "అమ్మా, డాక్టర్ గారు నన్నే దగ్గరుండి చూసుకోమన్నారు, అందుకే నేను తెస్తున్నాను" అంటే చాలా గొడవలు అక్కడే ఆగిపోతాయి.

తరచుగా వచ్చేవి:

- "ఇద్దరి కోసం తినాలి." హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకి అదనంగా కావాల్సింది 350 కేలరీలు. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక అరటిపండు కలిపితే దాదాపు అక్కడికి చేరతాం.
- "బొప్పాయి ముట్టుకోవద్దు." పచ్చి, దోర కాయ వద్దు. బాగా పండింది మామూలుగా తింటే భయం లేదు. ఇష్టం లేకపోతే మానేయొచ్చు, దాని కోసం ఇంట్లో యుద్ధం అక్కర్లేదు.
- "కుంకుమపువ్వు వేసుకుంటే తెల్లటి బిడ్డ." రంగు మీ ఇద్దరి జన్యువుల్ని బట్టి వస్తుంది.
- "గ్రహణం రోజు కదలకూడదు, తినకూడదు." ఇంట్లో ఉండమంటే ఉండొచ్చు. నీళ్ళు, తిండి, మాత్రలు, బాత్రూం మాత్రం ఆపకూడదు. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా నిలబడాలి.
- "ఈసారి మగపిల్లాడే." ఈ మాట మీ ముందు అన్న ప్రతిసారీ ఆపండి. పుట్టేది ఎవరో చెప్పమని స్కానింగ్‌లో అడగడం 1994 చట్టం ప్రకారం నేరం. దానికంటే ముందు, ఆమె నిద్రని చెడగొట్టే మాట అది.

రెండు వారాలకి మించి దిగులుగా ఉన్నా, దేని మీదా మనసు లేకపోయినా, ఊరికే ఏడుస్తున్నా "హార్మోన్లు" అని కొట్టిపారేయకండి. డాక్టర్‌తో చెప్పండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కి ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందని ఆమె అంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకెళ్ళండి.

## 9. ఇంట్లో ఆగకూడని లక్షణాలు

ఈ జాబితా ఫ్రిజ్ మీద అంటించండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రీ పగలూ చూడకుండా ఆసుపత్రికి, లేదా 108కి ఫోన్:

- ఎంత కొంచెమైనా రక్తస్రావం
- తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, మెరుపులు కనిపించడం, పొట్ట పైభాగంలో, డొక్కల కింద తీవ్ర నొప్పి
- బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ
- ముఖం, చేతులు హఠాత్తుగా ఉబ్బడం
- ఫిట్స్, స్పృహ తప్పడం
- కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి
- జ్వరం
- ఉమ్మనీరు కారడం
- తెరలు తెరలుగా నొప్పులు, ముఖ్యంగా 37 వారాలకి ముందు
- బిడ్డ కదలికలు తగ్గడం, ఆగిపోవడం

ఆఖరి దాని గురించి ఇంకాస్త. మొదటి కాన్పులో కదలికలు సాధారణంగా 20 వారాల దగ్గర తెలుస్తాయి. 28 వారాలు దాటాక బిడ్డకి తనదైన వరుస ఏర్పడుతుంది. రోజూ రాత్రి భోజనమయ్యాక ఆమె పక్కకి తిరిగి పడుకుని గమనించాలి. నిన్నటి కంటే తగ్గిందనిపిస్తే "పొద్దున చూద్దాంలే" అనొద్దు. వెళ్ళి, అంతా బాగుందని చెప్పించుకుని తిరిగొచ్చినా ఆ ప్రయాణం వృథా కాదు.

## 10. పుట్టింటికి పంపేటప్పుడు

సీమంతం అయ్యాక పుట్టింటికి పంపడం మన దగ్గర ఎక్కువ ఇళ్ళలో ఉన్నదే. భర్త పని అక్కడితో అయిపోయిందనుకోవడం మాత్రం సరికాదు.

ముందు ఆ ఊళ్ళో ఏ ఆసుపత్రి, ఏ డాక్టర్ అన్నది తేల్చుకోండి. రిపోర్టులతో ఒకసారి చూపించి నమోదు చేయించండి. కారులో అయితే ప్రతి రెండు గంటలకీ దిగి నడవాలి, సీటు బెల్టు పొట్ట కిందగా తొడల మీద పడాలి. రైల్లో గర్భిణులకి లోయర్ బెర్త్ కోటా ఉంది. విమానమైతే ఆఖరి నెలల్లో డాక్టర్ లెటర్ అడుగుతారు, నెలలు బాగా నిండాక ఎక్కించుకోరు. టికెట్ తీసుకునే ముందే కనుక్కోండి.

పంపాక రోజూ ఒకే వేళకి ఫోన్ చేయండి. మీరు దుబాయ్‌లో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా ఆ వేళ తప్పకూడదు. "తిన్నావా" దగ్గరే ఆగకుండా ఈ రోజు కదలికలెలా ఉన్నాయి, మాత్రలయ్యాయా, ఎంతసేపు నిద్రపోయావు, చెకప్‌లో బీపీ ఎంత అన్నారు అని అడిగి రాసుకోండి. చెకప్ రోజు డాక్టర్ గదిలో ఉన్నప్పుడు వీలైతే మీరు కూడా ఫోన్లో ఉండి వినండి.

35వ వారానికి సంచీ సర్దేయాలి:

- ఫైలు, ఎంసీపీ కార్డు, ఇద్దరి ఆధార్, ఇన్సూరెన్స్ లేదా ఆరోగ్యశ్రీ కాగితాలు
- ముందు గుండీలున్న నైటీలు మూడు, ప్యాడ్లు, లోదుస్తులు, చెప్పులు
- ఉతికి ఎండబెట్టిన మెత్తటి పాత నూలు గుడ్డలు, బిడ్డకి టోపీ, చొక్కాలు
- ఫోన్ చార్జర్, గ్లాసు, చెంచా, కొంత నగదు
- రక్తం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న ఇద్దరి నంబర్లు

ఉత్తుత్తి నొప్పులు ఒక వరుసలో రావు, అటూ ఇటూ నడిచినా, పడుకున్నా తగ్గిపోతాయి. అసలు నొప్పులు వేళ ప్రకారం వస్తూ, దగ్గరవుతూ, బలపడతాయి. తొలి కాన్పులో ఐదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు వస్తే బయల్దేరాలి. ఊరు దూరమైనా, రెండో కాన్పైనా, డాక్టర్ ముందే రమ్మని ఉన్నా అంతసేపు ఆగొద్దు.

బండి సంగతి ముందే తేల్చుకోండి. సొంత కారున్నా, అర్ధరాత్రి ఫోన్ ఎత్తే ఇద్దరు డ్రైవర్ల నంబర్లు మామగారి దగ్గర, బావమరిది దగ్గర ఉండాలి. తెలంగాణలో గర్భిణుల్ని తీసుకెళ్ళే అమ్మ ఒడి వాహనానికి 102. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయ్యాక తల్లీబిడ్డల్ని ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. అత్యవసరానికి రెండు చోట్లా 108. ఆసుపత్రి గేటు రాత్రిపూట ఏ వైపు తెరిచి ఉంటుందో పగలే వెళ్ళి చూసి రండి.